కవరులో నలభై రెండో ఎత్తు

ఏప్రిల్ 26, 2004. సోమవారం

రోస్కో కూతురు లొరేన్ ఫోన్ చేసింది. యాభై రెండో వీధి పక్కన ఆటల కేంద్రంలో చదరంగం గదికి వాళ్ల నాన్న పేరు పెడుతున్నారట, మే ఇరవై రెండున. నన్ను నాలుగు మాటలు మాట్లాడమంది. నాన్న ఆటను నీకంటే దగ్గరగా చూసినవాళ్లు ఎవరున్నారు బాబాయ్, అంది. నిజమే. నలభై ఏళ్లకు పైగా ఎదురుగా కూర్చుని చూశాను. సరేనన్నాను.

రోస్కో టిల్లరీ చదరంగం గది. వినడానికి బాగానే ఉంది. మా ఆంబ్రోస్ మంగలి షాపులోంచి మాస్టర్ అయిన మొదటివాడు రోస్కోనే. ఆ షాపులో ఆడినవాళ్లందరం నల్లవాళ్లమే. ఆ రోజుల్లో మాలో ఒకడు మాస్టర్ అయ్యాడంటే వెస్ట్ ఫిలడెల్ఫియాలో సగం మందికి తమ ఇంట్లోనే ఎవరో అయినట్టు ఉండేది.

నాకేమీ బాధ లేదు. రాసి పెట్టుకుంటున్నాను, నాకేమీ బాధ లేదు.

ఏప్రిల్ 27

నా భార్య ఒడెస్సా పోయి మార్చికి రెండేళ్లు నిండాయి. ఆమె ఉన్నన్నాళ్లూ నాకు ఈ నోటుబుక్కుతో పని పడలేదు. అన్నీ ఆమెతోనే చెప్పేవాణ్ణి. విని, చాల్లే పడుకో అనేది.

ఏప్రిల్ 29. గురువారం

ప్రసంగం రాద్దామని కూర్చుంటే షాపే గుర్తొస్తోంది.

ఆంబ్రోస్ పెటిఫర్డ్ షాపు. ముందు మూడు కుర్చీలు, వెనక గదిలో రెండు బోర్డులు. తలనూనె వాసన, పౌడరు వాసన, శనివారమైతే పక్క కొట్లోంచి వేయించిన చేపల వాసన. ఓడినవాడు లేవాలి, గెలిచినవాడు కూర్చోవాలి. రోస్కో ఒక్కోసారి పొద్దున కూర్చుంటే సాయంత్రానికి గానీ లేచేవాడు కాదు. ఆంబ్రోస్ ఒకరి మెడ మీద కత్తి నడుపుతూనే ఎదురుగా ఉన్న అద్దంలో మా ఆట చూసేవాడు. అద్దంలో బోర్డు కుడిఎడమైపోతుంది కదా, అయినా తడుముకునేవాడు కాదు. "వెండెల్, ఆ గుర్రానికి కాస్త గడ్డి వెయ్యరా, మూడు ఎత్తుల నుంచి అక్కడే నిలబడి ఉంది" అని అక్కడి నుంచే అరిచేవాడు. కుర్చీలో ఉన్నవాడు తల తిప్పబోతే చెవి పట్టుకుని సరిచేసేవాడు.

మా దగ్గర ఆడుతూ నోరు మూసుకుని కూర్చోవడమే మర్యాద తక్కువ పని. ఎదుటివాణ్ణి మాటలతో ఆటపట్టించాలి, వాడు మనల్ని ఆటపట్టించాలి, అందులోనే లెక్క తప్పకుండా ఆలోచించాలి. మొదటిసారి పెద్ద పోటీకి వెళ్లినప్పుడు ఆ హాలులో గడియారాల చప్పుడు తప్ప ఏమీ లేదు. నోటిని ఏం చేసుకోవాలో తెలియక నేనూ రోస్కో మూడు రోజులు పుదీనా బిళ్లలు చప్పరించాం.

ఉద్యోగం కూడా ఇద్దరికీ పోస్టాఫీసులోనే, ఒకే వరసలో. ఉత్తరాలు గూళ్లలో పడేస్తూ, బోర్డు లేకుండానే, అటు నుంచి వాడొక ఎత్తు చెప్పేవాడు, ఇటు నుంచి నేనొకటి. మా పర్యవేక్షకుడికి ఒళ్లు మండేది. కానీ మేం ఒక్క ఉత్తరం కూడా తప్పు గూట్లో వెయ్యలేదు, ఏమంటాడు?

ఎంత బాగుండేది. మళ్లీ ఒక్క శనివారం ఇస్తే చాలు.

మే 2. ఆదివారం

చర్చి నుంచి వచ్చాను. మిగతాది కూడా రాసేస్తాను. ఎప్పుడూ రాయలేదు.

1961 ఆగస్టు. వర్జీనియాలో పోటీ. నా పాత ప్లిమత్ కారు. ఆంబ్రోస్ భార్య చెప్పుల డబ్బాల్లో మైనపు కాగితం పరిచి కోడి ముక్కలు వేయించి పెట్టింది, ఉడికించిన గుడ్లు, కేకు ముక్కలు. దారిలో మాలాంటి నల్లవాళ్లను రానిచ్చి తిండి పెట్టే చోటు లేదు కదా. పోటీ జరిగిన హోటల్లోనూ అంతే, ఆడటానికి మాకు కుర్చీ ఉంది, తినడానికి లేదు, పడుకోవడానికి గది లేదు. మిసెస్ ఫాంట్రాయ్ అని ఒక చర్చి ఆవిడ ఇంట్లో ఇద్దరికీ ఒకే మంచం దొరికింది. రోస్కో నిద్దట్లో మోకాలితో తన్నేవాడు. పొద్దున్నే అడిగితే, నీ రక్షణ ఎంత గట్టిదో చూశాన్రా, అన్నాడు.

పోటీల్లో గెలుపోటములను బట్టి ఆటగాడికి ఒక అంకె ఇస్తారు, అది ఇరవై రెండు వందలు చేరితే మాస్టర్. ఇద్దరం గీత దగ్గరే ఉన్నాం. ఆఖరి రౌండుకు చీటీ చూస్తే నా పేరు పక్కన వాడి పేరు. రెండు వందల యాభై మైళ్లు కారు నడుపుకుంటూ వెళ్లింది నా పక్క సీటువాడితో ఆడటానికా అనుకున్నాను. లెక్క ఇలా తేలింది: నేను గెలిస్తే నేను మాస్టర్ని. సమమైతే చాలు, వచ్చే సగం పాయింటుతో రోస్కో మాస్టర్.

మధ్యాహ్నం భోజనాల వేళకు ఆట ఆగింది. అప్పట్లో పద్ధతి, ఆట ఆగినప్పుడు ఎత్తు వెయ్యాల్సినవాడు దాన్ని బోర్డు మీద వెయ్యడు. కాగితం మీద రాసి కవరులో పెట్టి అంటిస్తాడు, మళ్లీ మొదలుపెట్టేటప్పుడు నిర్వాహకుడు చింపి చదువుతాడు. నలభై రెండో ఎత్తు రోస్కోది. రాసి అంటించాడు. అంటించిన చోట ఇద్దరం సంతకాలు చేశాం.

నాకు రెండు బంట్లు ఎక్కువ. ఇద్దరికీ ఒక్కో ఏనుగు. వాడికి మిగిలింది ఒకే బంటు, దాన్ని కాపాడుకోవాలంటే ఏనుగును వెనక్కి తేవాలి. తెస్తే ఏడు ఎత్తుల్లో నా బంటు చివరి గడికి చేరి మంత్రి అవుతుంది. వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను, ఏడు.

కారులో కూర్చుని తిన్నాం. ఆట మాట ఎత్తలేదు. తిరిగి వెళ్లాం. నిర్వాహకుడు కవరు చింపబోతుంటే నేను చెయ్యి చాచి, సమం చేసుకుందామా అన్నాను. రోస్కో బోర్డును కాసేపు చూశాడు. నన్ను ఇంకా ఎక్కువసేపు చూశాడు. సరే వెండెల్ అన్నాడు. కవరు చింపే పని లేకపోయింది. వాడే జేబులో పెట్టుకున్నాడు.

అదీ సంగతి. ఇచ్చేశాను. స్నేహితుడు కాబట్టి ఇచ్చాను. ఆ పొద్దున హోటల్ గుమ్మం దగ్గర జరిగినదానికీ దీనికీ సంబంధం లేదు.

తర్వాత నేను ఎక్కినంత పైకి ఎక్కితే 2191. ఇంకా తొమ్మిది. అంతకుమించి ఎప్పుడూ పోలేదు.

మే 3

ఒడెస్సాకొక్కదానికే చెప్పాను ఈ విషయం. చాలాసార్లు చెప్పాను. ఒకసారి గిన్నెలు కడుగుతూ అంది, "ఇచ్చేశావుగా. ఇచ్చినదాన్ని రోజూ వెళ్లి చూసి రాకు."

మే 5. బుధవారం

లొరేన్ ఒక అట్టపెట్టె తెచ్చి ఇచ్చింది. గదిలో అద్దాల బీరువా పెడతారట, అందులో ఏవేం పెట్టాలో ఏరమంది. ఫోటోలు, కప్పులు, షాపు అద్దం పక్కన వేలాడిన మాస్టర్ పత్రం. అడుగున ఆ కవరు.

అంటించింది అంటించినట్టే ఉంది. నా సంతకం ఎంత నిటారుగా ఉండేదో. నలభై మూడేళ్లు దాచాడు. విప్పకుండా.

ఇదేంటి బాబాయ్ అని అడిగింది. పాత ఉత్తరమేదో అన్నాను.

మే 6

విప్పలేదు. విప్పడానికేముంది, లోపల ఏనుగు వెనక్కి వచ్చి ఉంటుంది.

మే 9. ఆదివారం

ప్రసంగం పూర్తయింది. చివర్లో చెప్పేస్తున్నాను. నవ్వుతూనే చెబుతాను, ఎవరికీ తప్పుగా తోచకుండా. "ఆ రోజు నా చేతిలో ఉన్న ఆటను నా స్నేహితుడికి ఇచ్చాను, ఇచ్చినందుకు ఈ రోజు గర్వంగా ఉంది" అని. ఆ తర్వాత అందరి ముందూ కవరు విప్పుతాను. అద్దాల బీరువాలో దాని పక్కన ఒక చిన్న చీటీ పెడతారు. నా పేరు కూడా ఎక్కడో ఒకచోట ఉండాలి కదా. నాకు డెబ్భై నాలుగు. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడు?

రోస్కోకి పోయేదేముంది, గది వాడిదే, పేరు వాడిదే.

నాలుగుసార్లు బిగ్గరగా చదివాను. బాగుంది.

మే 11. మంగళవారం

రోస్కోని చూడటానికి వెళ్లాను. క్రిస్మస్‌కి పక్షవాతం వచ్చాక వృద్ధుల ఆశ్రమంలోనే ఉంటున్నాడు. ఎడమ వైపు పడిపోయింది. మాట ఉంది కానీ నెమ్మది. చక్రాల కుర్చీలో కిటికీ దగ్గర కూర్చుని నన్ను చూడగానే, "ఇంకా బతికే ఉన్నావా, ఆ టోపీ ఏ శవం మీంచి తీశావురా" అన్నాడు. కులాసాగానే ఉన్నాడన్నమాట.

జేబులో పట్టే చిన్న బోర్డు తీసుకెళ్లాను, పావులు గళ్లలో గుచ్చుకునేది, కదిలినా పడవు. వర్జీనియా ఆటను ఆగిన చోట పేర్చి ముందు పెట్టాను. గుర్తుందా అన్నాను. నీ ఆట మర్చిపోవాలని ఎంతో ప్రయత్నించాను, కుదరలేదు అన్నాడు.

నీ ఎత్తే, వెయ్యి అన్నాను. చాలాసేపు చూశాడు. ఏనుగును ముట్టుకోలేదు. రాజును తీసి మూల గడిలో గుచ్చాడు. బంటును గాలికి వదిలేసి.

"రోస్కో, బంటు పోతోంది."

"పోనీ."

ఇంతలో నర్సు సూపు తెచ్చింది. నేను బోర్డు మూసి జేబులో పెట్టుకున్నాను. బస్సులో ఏడుపొచ్చింది. ఏనుగులు మిగిలిన ఆటలో రాజును తనంతట తానే మూలన పెట్టుకోవడమా. ఆంబ్రోస్ షాపులో మొదటి వారం నేర్చుకున్నవాడు కూడా వెయ్యడు అలాంటి ఎత్తు. మనిషి అయిపోయాడు.

మే 12

ముసలితనం ఎంత పని చేస్తుంది. ఎలాంటి బుర్ర, ఎలా అయిపోయింది. ప్రసంగంలో ఇంకో మంచి మాట కలపాలి వాడి గురించి.

మే 13

ఆ బంటును తినాలి. తింటే అయిపోయింది. ఏముంది ఇందులో?

మే 14

తిన్నాను.

మే 15. శనివారం

పొద్దున్న కాఫీ పెట్టుకుని బోర్డు ముందు కూర్చున్నాను. కాఫీ తాగలేదు. అలాగే చల్లారిపోయింది.

బంటును తింటే వాడి దగ్గర మిగిలేవి రాజూ ఏనుగూ. రాజు మూలన ఉన్నాడు. చుట్టూ ఉన్న గళ్లన్నీ కాపలా కాస్తున్నది ఎవరు? నా ఏనుగూ నా బంటే. వాడి రాజుకు కదలడానికి ఒక్క గడి లేదు. అంటే ఆ ఏనుగును కూడా వదిలించుకుంటే వాడు వెయ్యడానికి ఎత్తే ఉండదు, ఆట అక్కడికక్కడే సమం. వాడి ఏనుగు వచ్చి నా రాజు పక్కనే నిలబడి, తిను అంటుంది. తింటే సమం. తినకుండా పారిపోతే వెంటపడి మళ్లీ పక్కన నిలబడుతుంది. తిను, తిను. వద్దన్నా వడ్డించే అత్తగారిలాగా. నా రాజును బోర్డంతా తిప్పాను. పదకొండు గంటల దాకా తిప్పాను. దాక్కునే చోటు ఎక్కడా లేదు.

అసలు బంటును తినకపోతే? అప్పుడా బంటే ముందుకు నడుస్తుంది. నేను దాన్ని ఆపుతూ కూర్చోవాలి. అదీ సమమే.

ఏడు ఎత్తులని లెక్కపెట్టాను. నలభై మూడేళ్లు అదే ఏడు లెక్కపెట్టాను, ఏనుగు వెనక్కి వస్తుందని అనుకుని. వాడు దాన్ని వెనక్కి తేకపోతే ఏమిటన్నది ఒక్కసారి కూడా చూడలేదు.

వంటింటి కత్తితో కవరు కోశాను. చీటీ మీద వాడి పొడుగాటి అక్షరాలు. రాజు, మూల గడికి.

మే 16

చర్చికి వెళ్లలేదు.

మే 17. సోమవారం

ప్రసంగం చింపేశాను. కోపంతో కాదు. కోపంతోనే.

ఆ పొద్దున హోటల్ గుమ్మం దగ్గర ఏం జరిగిందో కూడా ఇక రాసేస్తాను. మేమిద్దరం సూట్లు వేసుకుని వెళ్లాం. నేను కారు నిలిపి వెనక వస్తున్నాను. ఒక తెల్లాయన హోటల్ పనివాడనుకుని తన పెట్టె రోస్కో చేతికి అందించాడు, నాలుగో అంతస్తు అన్నాడు, ముఖం కూడా చూడకుండా. రోస్కో మెడకు టై ఉంది, కోటు మీద పోటీవాళ్లిచ్చిన బ్యాడ్జీ ఉంది. గొడవ పడితే ఇద్దర్నీ బయటికి పంపేస్తారు. వాడు ఆ పెట్టెను లిఫ్ట్ దాకా మోశాడు, దింపాడు, హాలులోకి వెళ్లి కూర్చున్నాడు.

నేను స్తంభం వెనక ఆగిపోయాను. వాడు వెళ్లేదాకా ఆగాను. తర్వాత ఇప్పుడే వస్తున్నవాడిలా వచ్చి, ఉక్కగా ఉంది కదా అన్నాను.

కాబట్టి ఇచ్చాను. స్నేహితుడని కాదు. కారులో కోడి ముక్క గొంతు దిగలేదు, ఏదో ఒకటి ఇచ్చేస్తే తప్ప వాడి పక్కన కూర్చుని ఇంటికి రాలేననిపించింది. చేతిలో ఉన్నది ఆ ఆటే అనుకున్నాను. అది కూడా నా చేతిలో లేదు.

మే 18. మంగళవారం

వెళ్లాను. చీటీ వాడి ఒళ్లో పెట్టాను. కళ్లజోడు వెతుక్కుని చదివి, "ఇప్పటికి విప్పావా" అన్నాడు.

అప్పుడే ఎందుకు చెప్పలేదురా అన్నాను. ఎంతో నెమ్మదిగా, ఒక్కొక్క మాట కూడబలుక్కుని చెప్పాడు. నేను చెయ్యి చాచినప్పుడు నా ముఖం చర్చిలో కానుకల పళ్లెంలో పెద్ద నోటు వేసే ఆసామిలా వెలిగిపోయిందట. కాదనడానికి మనసు రాలేదట. "పైగా కారు నీది. వద్దంటే నేను ఇంటికి నడిచి రావాలి."

నవ్వాను. నవ్వుతుంటే వాడే అన్నాడు, కిటికీ వైపు చూస్తూ.

"స్తంభం సన్నగా ఉందిరా. నువ్వు అప్పటికే లావు."

తెలుసన్నమాట. నలభై మూడేళ్లు. శనివారాలన్నీ, ఉత్తరాల గూళ్ల దగ్గర, నా పెళ్లిరోజులకీ, ఒడెస్సా అంత్యక్రియల్లో నా పక్కన నిలబడినప్పుడూ. క్షమించు రోస్కో అన్నాను. ఆ ముక్క పైకి అనడానికి ఇన్నేళ్లు పట్టింది.

వాడు పడిపోయిన ఎడమ చేతిని కుడి చేత్తో ఎత్తి తెచ్చి నా చేతి మీద పెట్టాడు. "నాకా సగం పాయింటు ఎలాగూ వచ్చేది. నీకు మాత్రం ఇవ్వడం కావాలి. అందుకే పుచ్చుకున్నాను."

సూపు వచ్చేదాకా ఇద్దరం అలాగే కూర్చున్నాం.

మే 20

కవరు లొరేన్‌కి ఇచ్చాను. చీటీ కనిపించేలా పెట్టమన్నాను. పక్కన ఏం రాయాలి బాబాయ్ అంది. "నలభై రెండో ఎత్తు" అని రాయి చాలు అన్నాను.

మే 22. శనివారం

గది నిండిపోయింది. ఆంబ్రోస్ మనవరాలు వాళ్ల తాత షాపు అద్దం తెచ్చి గోడకు తగిలించింది. మధ్యలో ఒక చోట మసకబారింది కానీ అదే అద్దం. అందులో బోర్డులన్నీ కుడిఎడమగా కనిపించాయి. కాసేపు దాని ముందే నిలబడిపోయాను.

ప్రసంగం కాగితం లేకుండా చెప్పాను. ఆ ఆటలో నేను గెలుస్తున్నానని నలభై మూడేళ్లు అనుకున్నాను, ఎప్పుడూ గెలవలేదు, మొన్న శనివారం కాఫీ చల్లారేదాకా చూసుకున్నాను అన్నాను. రోస్కోకి ఎవరూ ఏమీ ఇవ్వలేదు, ఎదురుగా కూర్చున్నది నేనే కాబట్టి నాకు తెలుసు అన్నాను. ఆ పొద్దున వాడి చేత పెట్టె మోయించారని, నేను స్తంభం వెనక దాక్కున్నానని కూడా చెప్పాను. చక్రాల కుర్చీలోంచి రోస్కో, "ఇంకా పొడుగ్గా చెప్పరా, సూపు వేళయిపోతోంది" అన్నాడు. అప్పుడు అందరూ నవ్వారు.

సాయంత్రం లొరేన్ మమ్మల్ని ఆశ్రమం దగ్గర దింపి కారు నిలపడానికి వెళ్లింది. అక్కడి పనివాడు కుర్చీ తోస్తున్నాడు. రోస్కో సంచీ గుమ్మం దగ్గర ఉండిపోయింది, కప్పులూ, పూలగుత్తీ, మిగిలిన కేకూ. నేను అందుకున్నాను. వద్దులే వెండెల్, వాళ్లు తెస్తారు అన్నాడు. వినలేదు. లిఫ్ట్ దాకా మోశాను. వాడి కాళ్ల దగ్గర దింపి నిటారుగా నిలబడ్డాను. నడుం పట్టేసింది.

వాడు నన్ను కిందనుంచి పైదాకా చూశాడు.

"అలా నిలబడకు. నా దగ్గర చిల్లర లేదు."

ఇద్దరం ఎంత నవ్వామంటే లిఫ్ట్ తలుపులు మూసుకున్నాయి, మళ్లీ తెరుచుకున్నాయి, మళ్లీ మూసుకున్నాయి. పనివాడు బొత్తాం నొక్కుతూనే ఉన్నాడు. నాలుగో అంతస్తు అని చెప్పాను.

మంగళవారం మళ్లీ వెళ్లాలి. బోర్డు తెమ్మన్నాడు.